అప్పుల్లో ఉన్న షటిల్ క్లబ్బుకు రెండేళ్లు ట్రెజరర్‌గా: నా అనుభవం

మా క్లబ్బు విజయనగరంలో ఒక రేకుల షెడ్డు. మూడు కోర్టులు, ఒక బోరు, రెండు బాత్రూములు. పొద్దున పిల్లలకు కోచింగ్, సాయంత్రం ఆరు నుంచి మెంబర్ల ఆట. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. 2023 జూన్ 11 ఆదివారం జరిగిన జనరల్ బాడీలో పాత ట్రెజరర్ గారు ఆరోగ్యం బాగాలేక తప్పుకుంటే, ‘లెక్కల మాస్టారు ఉండగా ఇంకెవరు?’ అని అందరూ నా వైపు చూశారు. కాదనలేకపోయాను. ఆ షెడ్డులో పద్నాలుగేళ్లుగా ఆడుతున్నాను. నా కూతురు రాకెట్ పట్టింది అక్కడే.

అప్పు ఉందని అందరికీ తెలుసు. ఎంత ఉందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. నాకు అప్పగించినవి ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక స్వీట్ల డబ్బా నిండా కవర్లు. ఒక్కో కవరు మీద ‘కరెంటు’, ‘షటిల్స్’, ‘మిల్లు బాబుగారు’ అని రాసి ఉంది. కొన్నింట్లో రసీదులు, కొన్నింట్లో చీటీలు, రెండింట్లో ఏమీ లేవు. ఆ కవర్లన్నీ మా ఇంట్లో నేల మీద పరిచి లెక్క తేల్చడానికి సరిగ్గా పదహారు రాత్రులు పట్టింది.

అప్పు పుట్టింది 2018లో. సిమెంటు నేల మీద ఆడి మోకాళ్లు పోతున్నాయని, చెక్క ఫ్లోరింగ్ వేసి పైన సింథటిక్ మ్యాట్ పరిచాం. 14 లక్షలైంది. మెంబర్లు 5 లక్షలు వేసుకున్నారు. బ్యాంకులో 5 లక్షలు తీసుకున్నాం. మిగతా 4 లక్షలు ఒక రైస్ మిల్లు యజమాని దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి షెడ్డుకు తాళం పడింది. వడ్డీ మాత్రం ఆగలేదు.

2023 జూన్ 27 రాత్రికి తేలిన లెక్క ఇది. బ్యాంకుకు 3,10,000. మిల్లు బాబుగారికి అసలు 4,00,000, పదిహేడు నెలల వడ్డీ బకాయి 1,36,000. షటిల్స్ షాపుకు 62,000, కరెంటు బకాయి 47,000, కోచ్‌కు రెండు నెలల జీతం 30,000. మొత్తం 9,85,000. కూడిక తప్పుందేమోనని మూడుసార్లు వేశాను. మా ఆవిడ లేచి వచ్చి టైము చూసి, ఏమీ అనకుండా మంచినీళ్లు పెట్టి వెళ్లింది.

అప్పుకంటే నన్ను భయపెట్టింది నెలవారీ లెక్క. పుస్తకంలో 84 మంది మెంబర్లున్నా నెలకు 700 కడుతున్నది 61 మందే. కోచింగ్ పిల్లలు 22 మంది, ఒక్కొక్కరికి 600. అంటే రాబడి 55,900. ఖర్చు: కరెంటు 16,500, కోచ్‌కు 15,000, ఊడ్చి తుడిచే అమ్మకు 9,000, షటిల్స్‌కు 14,000, బ్యాంకు వాయిదా 9,500, మిల్లు వడ్డీ 8,000, స్థలం అద్దె 2,500. మొత్తం 74,500. తలుపు తెరిచిన ప్రతి నెలా 18,600 లోటు.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఇది రాయడానికి ముఖ్య కారణం అదే. ఖర్చు తగ్గించాలి కాబట్టి కనిపించిన ప్రతి ఖర్చుకూ కోత పెట్టాను. జులై 1 నుంచి ఒక్కో కోర్టుకు ఎనిమిది లైట్లలో నాలుగే వేశాం. ఈకల షటిల్స్ ఆపి అందరికీ నైలాన్ ఇచ్చాం. ఊడ్చే అమ్మను రోజు మార్చి రోజు రమ్మని జీతం 6,000 చేశాం. పైకప్పు రేకుల్ని బిగించిన జే బోల్టుల దగ్గర రబ్బరు వాషర్లు పోయాయి, మార్చి నీళ్లు కారకుండా సీలెంటు పూయడానికి 6,500 అడిగితే ‘వచ్చే ఏడు చూద్దాం’ అన్నాను. కాగితం మీద నెలకు 15,700 ఆదా కనిపించింది. కార్యవర్గంలో 11 మందిమి సంతకాలు చేశాం. ఆ రాత్రి ప్రశాంతంగా నిద్రపోయాను.

ఊడ్చే అమ్మ మాత్రం ఆ రోజే అంది: “రోజు మార్చి రోజు రమ్మన్నారు సరే, దుమ్ము కూడా రోజు మార్చి రోజు వస్తాదేటి బావూ?” నేను జవాబు చెప్పకుండా స్కూటర్ ఎక్కేశాను.

మొదట షటిల్స్ గురించి గొడవ మొదలైంది. పదేళ్లుగా ఈకల షటిల్‌తో ఆడిన చేతికి నైలాన్ పడదు. చివర్లో ఈకల షటిల్‌లా నెమ్మదించి పడదు. భుజం నొప్పి వస్తోందని కొందరు ఇంటి నుంచి సొంత ట్యూబులు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. సొంతంగా కొనుక్కుంటున్నప్పుడు ఫీజెందుకని అడిగారు. తర్వాత లైట్లు. పైకి లేచిన షటిల్ కనబడటం లేదని పిల్లల తల్లిదండ్రులు ఒక్కొక్కరే మానిపించారు. సెప్టెంబరు 14 సాయంత్రం, తుడవని రోజున, ఒక మెంబరు నెట్ దగ్గరకు పరుగెత్తి మ్యాట్ మీద దుమ్ముకు జారి పడ్డారు. చీలమండ లిగమెంటు దెబ్బతింది. హాస్పిటల్ బిల్లు 8,200 క్లబ్బు కట్టింది. ఆయన ఆరు వారాలు మంచం మీద ఉన్నారు. చూడటానికి వెళ్లినప్పుడు ఆయన నన్నేమీ అనలేదు. అంటే కొంచెం తేలిక పడేవాడిని.

అక్టోబరు మొదటి వారంలో మళ్లీ లెక్క వేశాను. ఫీజు కడుతున్నవాళ్లు 61 నుంచి 43 మందికి పడ్డారు. నెలకు 12,600 పోయింది. పిల్లలు 22 నుంచి 15 మంది అయ్యారు, అక్కడ 4,200. మొత్తం 16,800 పోయింది. ఆదా అయింది 15,700. మూడు నెలలు అందరినీ కష్టపెట్టి, లోటును 18,600 నుంచి 19,700కు పెంచాను. ఈ ఒక్క తీసివేత రెండు రోజులు నన్ను క్లాసులో కూడా నిలవనీయలేదు.

మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం, అయిన వారం కార్యవర్గం కూర్చుంది. ఇంకా కోయాలని కొందరు పట్టుబట్టారు. వాళ్ల వేలు కోచ్ వైపు తిరిగింది. 15 మంది పిల్లల నుంచి వచ్చేది 9,000, కోచ్ జీతం 15,000. లెక్క ప్రకారం వాళ్లు చెప్పింది తప్పు కాదు. నేను కూడా పెన్ను తీశాను. మా క్లబ్బులో అందరికంటే పెద్దాయన, డెబ్బై దాటినవాడు, అప్పటిదాకా మాట్లాడలేదు. అప్పుడు అడిగారు: “ఊసవానిపేటలో ఆడపిల్లలకి బరువులెత్తడం నేర్పినప్పుడు, నెలకి ఎంత మిగులుతుందని ఎవరైనా లెక్క వేసుంటే, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి మెడలో కంచు పతకం పడేదా మాస్టారూ?” కొండవెలగాడ పిల్లలు ఇప్పటికీ తెల్లవారకముందే ఇనుము ఎత్తే జిల్లాలో ఉండి, ఆ మాటకు జవాబు చెప్పడం మా ఎవరివల్లా కాలేదు. పైగా ఆ కోచ్ రెండు నెలలు జీతం లేకపోయినా ఉదయం 5:15కే వచ్చి తాళం తీస్తున్నాడు. ఒక్క రోజు కూడా మానలేదు. పెన్ను జేబులో పెట్టేశాను.

ఆ రోజు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ ఖర్చు తగ్గించాలన్నా ముందు ఒక ప్రశ్న అడగాలి: ఇది కోర్టులో ఆడేవాడి కంటికో, చేతికో, కాలికో తెలుస్తుందా? తెలిస్తే దాన్ని ముట్టుకోం. ఊడ్చే అమ్మకు 9,000 మళ్లీ ఇచ్చాం, రోజూ తడి మాబ్ వేయడం మొదలైంది. సాయంత్రం ఆటకు ఈకల షటిల్స్, నేర్చుకునే పిల్లలకు నైలాన్. కోచ్ తనంతట తానే ఒక మాటన్నాడు: “జీతం 10,000 చేయండి సార్, ఇరవై మంది దాటాక వచ్చే ప్రతి పిల్ల ఫీజులో సగం నాకివ్వండి.” ఆ అబ్బాయి ధైర్యం చూసి నాకు సిగ్గేసింది. మార్చి దాకా పాత జీతమే ఇచ్చి, ఏప్రిల్ నుంచి ఆ పద్ధతి పెట్టాం.

ఇక లైట్లు. షెడ్డులో 400 వాట్ల మెటల్ హాలైడ్ దీపాలు 24 ఉండేవి. వాటితో కరెంటు ఖర్చు ఒక్కటే సమస్య కాదు. కరెంటు పోయి వచ్చాక అవి చల్లారి మళ్లీ వెలగడానికి పది నిమిషాలకు పైగా పడుతుంది. వేసవిలో రెండుసార్లు కరెంటు పోతే సాయంత్రం ఆటలో సగం గోడకు ఆనుకుని కూర్చోవడమే. 200 వాట్ల ఎల్‌ఈడీలు 24 పెడితే ఒక్కొక్కటి 4,200 చొప్పున 1,00,800, వైరింగ్, కూలీ 18,200. మొత్తం 1,19,000. తొమ్మిది లక్షల పైన అప్పున్న క్లబ్బు ఇంకో లక్షా పందొమ్మిది వేలు ఖర్చు పెట్టాలని చెప్పడానికి నాకు మూడు మీటింగులు పట్టింది. ఒక మీటింగులో ఒక పెద్దమనిషి మీద గొంతు పెంచాను కూడా. ఆ పెద్దమనిషికి మర్నాడు ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పాను.

డబ్బు కోసం ఏడాది ఫీజు ముందే కట్టమన్నాం: పది నెలలకు 7,000 కడితే పన్నెండు నెలలు ఆడొచ్చు. పన్నెండు మంది కట్టారు, 84,000 వచ్చింది. మిగతా 35,000 ఎలక్ట్రికల్ షాపువాళ్లు మూడు వాయిదాల్లో తీసుకోవడానికి ఒప్పుకున్నారు. డిసెంబరు 3 ఆదివారం సాయంత్రం స్విచ్ వేశాం. షెడ్డులో ఉన్న పాతిక ముప్ఫై మంది ఒక్కసారి చప్పట్లు కొట్టారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడే ఫిర్యాదు వచ్చింది. పైకి చూస్తే వెలుగు కళ్లలో పొడుస్తోందట. ఎలక్ట్రీషియన్ పాత దీపాల చోటే, కోర్టు నడినెత్తిన, బిగించాడు. షటిల్ కోర్టుకు లైట్లు పక్కల నుంచి, కోర్టుకూ కోర్టుకూ మధ్య ఉన్న ఖాళీ మీద ఉండాలి. మాకు చెప్పినవాళ్లు లేరు, మేం అడగలేదు. మళ్లీ విప్పి బిగించడానికి రెండు రోజులు, 3,500 రూపాయలు. లైట్లు మార్చేవాళ్లు ఒక కోర్టుకు ముందు పెట్టి, ఆడి చూసి, మిగతావి బిగించుకోండి.

తర్వాతి బిల్లు 7,900 వచ్చింది. కరెంటు లోడు తగ్గించమని పెట్టుకున్న దరఖాస్తు 41 రోజులకు మంజూరై, ఫిక్స్‌డ్ ఛార్జీ కూడా తగ్గింది. మానేసినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తొంగి చూసి, మర్నాడు రాకెట్‌తో రావడం మొదలుపెట్టారు. జనవరికి 66 మంది అయ్యారు. కానీ ఆ రెండు నెలలూ చేతిలో డబ్బు ఆడలేదు. పన్నెండు మంది ఏడాది ఫీజు ముందే కట్టేశారు కదా, వాళ్ల నుంచి నెలకు రావాల్సిన 8,400 ఇక రాదు. ముందే తీసుకున్న ఫీజు కూడా ఒక రకం అప్పేనని నాకు అప్పుడు తెలిసింది. వాళ్లకు ఆట రూపంలో తీర్చాలి, అంతే తేడా. మళ్లీ అలాంటి స్కీము పెట్టలేదు.

మిల్లు బాబుగారి దగ్గరకు వెళ్లాల్సిన పని వాయిదా వేస్తూ వచ్చాను. ఆయన వడ్డీ అప్పటికి 24 నెలల బకాయి, 1,92,000. 2024 జనవరి 7న, నేనూ సెక్రటరీ గారూ నెల్లిమర్ల రోడ్డులో ఆయన ఇంటికి వెళ్లాం. దారిలో ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. నేను ఒకే ఒక్క కాగితం తీసుకెళ్లాను: ఒక వైపు అప్పులన్నీ, ఇంకో వైపు నెల రాబడి, ఖర్చు. ఏదీ దాచలేదు, వేరేవాళ్లకు ఎంత ఇవ్వాలో కూడా రాశాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చదివారు.

“మాస్టారూ, ఇన్నేళ్లలో మీ క్లబ్బువాళ్లు మా ఇంటికొచ్చి, నాకు ఎంత బాకీ ఉన్నారో మీ నోటితో మీరు చెప్పడం ఇదే మొదలు” అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. అది మరీ కష్టంగా అనిపించింది. పండగ వెళ్లాక చెబుతానన్నారు. కనుమ కూడా దాటి, పన్నెండు రోజులకు, 19న ఫోన్ చేశారు. ఫిబ్రవరి లోపల అసలులో లక్ష ఇస్తే, మార్చి నుంచి మూడు లక్షల మీద రూపాయి పావలా వడ్డీ చాలు. పాత వడ్డీలో 92,000 వదిలేస్తారు, మిగిలిన లక్ష నెలకు 5,000 చొప్పున ఇరవై నెలలు కట్టాలి. నెలకు 8,000 వడ్డీ 3,750 అయింది.

ఆ లక్ష కోసం కార్యవర్గం 11 మందిమీ తలా 10,000 వడ్డీ లేని చేబదులు వేశాం. లక్ష ఆయనకు ఇచ్చి, మిగిలిన పదివేలు కోచ్ బకాయిలో కట్టాం. నా పదివేలు ఇంట్లో అడగకుండా తీశాను. తర్వాత చెప్పాను. “మన వంటింటి మీద రేకు రెండేళ్లుగా కారుతోంది, మీకు క్లబ్బు అప్పు గుర్తొచ్చింది” అంది మా ఆవిడ. న్యాయమైన మాట. ఎండాకాలంలో మొదట ఆ రేకు మార్పించాను.

రాబడి వైపు మంచి జరిగింది మేం అనుకోని చోట. పిల్లల్ని దింపిన తల్లులు గంటన్నర సేపు బెంచీ మీద కూర్చుంటారు. ఎదురుగా మూడో కోర్టు ఖాళీ. కోచ్ ఒక రోజు “మీరూ ఆడండమ్మా” అని నాలుగు పాత రాకెట్లు ఇచ్చాడు. మార్చిలో ముగ్గురు మొదలుపెట్టారు, జూన్‌కు 14 మంది. నెలకు 500 చొప్పున 7,000. మేం పెట్టిన ఖర్చు రాకెట్లకు తీగలు మార్చిన 1,600. ఆ ఆడవాళ్ల బ్యాచ్ వచ్చాక బాత్రూములు కూడా శుభ్రంగా ఉండటం మొదలైంది, ఎందుకంటే వాళ్లు ఊరుకోరు. ఏప్రిల్ నుంచి మెంబరు ఫీజు 800 చేశాం. వెలుగు బాగుండటంతో ఇద్దరే మానేశారు. వేసవి క్యాంపుకు 48 మంది పిల్లలు వచ్చారు, అందులో పన్నెండు మంది క్యాంపు తర్వాత కూడా ఉండిపోయారు.

షటిల్స్ విషయంలో ఇంకో దెబ్బ తిన్నాను. జనవరిలో తగ్గింపు ధరకు వస్తున్నాయని 77 స్పీడువి (ఈ అంకె పెద్దదైతే షటిల్ ఎక్కువ దూరం పోతుంది) నాలుగు నెలలకు సరిపడా కొన్నాను. చలికాలంలో అవి చక్కగా పడ్డాయి. ఏప్రిల్ ఎండలకు షెడ్డు లోపల గాలి వేడెక్కితే అదే షటిల్ అదే దెబ్బకు వెనక గీత దాటిపోతోంది. ఎండాకాలానికి తక్కువ స్పీడువి, 75 లేదా 76, కావాలి. నిలవ ఉన్న ట్యూబుల్లో ఈకలు ఎండి పెళుసుబారి, రెండు ర్యాలీలకే విరిగాయి. ఇప్పుడు ఏ నెలవి ఆ నెలే కొంటున్నాం, షాపు బాకీ లేదు కాబట్టి ధర కూడా బాగానే ఇస్తున్నారు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది పైకప్పు. 2024 సెప్టెంబరు వానలకు, నేను ‘వచ్చే ఏడు’ అని వాయిదా వేసిన ఆ బోల్టుల దగ్గరే కారింది. రెండో కోర్టు కింద ప్లైవుడ్ ఉబ్బిపోయింది. మ్యాట్ ఎత్తి చూస్తే నల్లగా, చేత్తో నొక్కితే పొడి రాలింది. 23 రోజులు ఆ కోర్టు మూసేశాం. ప్లైవుడ్‌కు 41,000. అప్పటికి మిల్లు బాబుగారి అసలులో కట్టాలని 70,000 పక్కన పెట్టి ఉన్నాం. మళ్లీ సీలెంటు పూసి ఊరుకుందాం, అప్పు ముందు తీర్చాలని సగం మంది. కోర్టుల మీద రేకులు మార్చేద్దామని సగం మంది. ఒకప్పుడు 6,500 మిగిల్చిన మనిషిని నేను. రేకులకే ఓటు వేశాను. 74,000 అయింది. ఆ సాయంత్రమే బాబుగారికి ఫోన్ చేసి, ఈసారి అసలు ఇవ్వలేమని, ఎందుకో చెప్పాను. “షెడ్డు నిలబడితేనే కదా నా డబ్బు వచ్చేది, కానివ్వండి” అన్నారు.

ఈ 2025 జూన్ నెలాఖరుకు లెక్క: బ్యాంకుకు 1,32,000, మిల్లు అసలు 2,40,000, పాత వడ్డీ 20,000, మా చేబదుళ్లలో ఇంకా తీర్చాల్సింది 50,000. మొత్తం 4,42,000. కరెంటు, షటిల్స్, కోచ్ బాకీలు లేవు. మెంబర్లు 78, పిల్లలు 34. కొందరు కుర్రాళ్లు షెడ్డు పక్కన జిమ్ పెడదామంటున్నారు. మిల్లు అప్పు తీరేదాకా వద్దని చెప్పాను. ఒప్పుకోలేదు, వచ్చే మీటింగులో మళ్లీ అడుగుతారు.

లెక్క ఇప్పుడు ప్రతి నెలా ఒకే కాగితం మీద రాసి, షెడ్డు తలుపు లోపలి వైపు అంటిస్తున్నాను. మొదటి నెల అది చదివి, బకాయి ఉన్న తొమ్మిది మంది ఎవరూ అడగకుండానే ఫీజు కట్టేశారు.

జులై 10న మిల్లు బాబుగారికి 3,000 వడ్డీ, 5,000 పాత బాకీ ఇవ్వాలి. ఎనిమిది వేలు. నేను వచ్చిన కొత్తలో ఒక్క వడ్డీకే అంత కట్టాల్సి వచ్చేది. ఆ స్వీట్ల డబ్బాలో పాత కవరు తీసి, డబ్బు అందులో పెట్టి ఉంచాను.